పెళ్లి మీద గ్రీన్‌కార్డ్: లాయర్‌కి డబ్బు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు అక్కర్లేదు

అమెరికా సిటిజన్‌ని పెళ్లి చేసుకుని గ్రీన్‌కార్డ్‌కి వేద్దామనుకునేవాళ్లకి రెండు రకాల సలహాలు వస్తాయి. ఫారాలు నింపడమే కదా, మేం సొంతంగానే వేసుకున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు అంటారు కొందరు. ఇప్పుడున్న పరిస్థితుల్లో లాయర్ లేకుండా దాని జోలికే వెళ్లొద్దంటారు ఇంకొందరు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే తమ కేసు గురించి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చి, హెచ్-1బీ (ఉద్యోగ వీసా)కి మారి, ఒక్కరోజు కూడా స్టేటస్, అంటే దేశంలో ఉండే చట్టబద్ధమైన హోదా, పోగొట్టుకోని మనిషి అనుభవం, ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) అయిపోయాక ఏడాదిన్నర అలాగే ఉండిపోయిన మనిషికి దేనికీ పనికిరాదు. ఇద్దరూ నింపేది మాత్రం అవే ఫారాలు.

మనవాళ్లలో చాలామందికి ఇమిగ్రేషన్ లాయర్ అంటే కంపెనీ పెట్టిన లాయరే. హెచ్-1బీ, ఉద్యోగం మీద గ్రీన్‌కార్డ్‌కి వేసే పెర్మ్, ఐ-140 అన్నీ వాళ్లే చూసుకుంటారు, మనం పోర్టల్‌లో డాక్యుమెంట్లు ఎక్కించి ఊరుకుంటాం. ఆ అలవాటు వల్ల పెళ్లి కేసు కూడా ఎవరో ఒకరు చేసిపెట్టాల్సిందే అనిపిస్తుంది. కానీ ఉద్యోగం మీద వేసే కేసుల్లో యజమాని తరఫున వాదించాల్సిన విషయం ఉంటుంది. ఈ ఉద్యోగానికి ఆ డిగ్రీ అవసరమా, ఈ మనిషికి ఆ అర్హత ఉందా అని. పెళ్లి కేసులో అధికారి చూసేవి ముఖ్యంగా నాలుగు: పెళ్లి చట్టప్రకారం జరిగిందా, నిజమైన కాపురమేనా, స్పాన్సర్ చేసేవాళ్లకి సరిపడా ఆదాయం ఉందా, కార్డు అడుగుతున్న మనిషికి ఇవ్వకూడని కారణం ఏదైనా ఉందా. మొదటి మూడూ చాలావరకు కాగితాలతో తేలిపోతాయి. జనం ఎక్కువ భయపడేది రెండోదానికి, అంటే ఇంటర్వ్యూలో మన పెళ్లిని నమ్ముతారా అని. నిజంగా కేసులు పోయేలా చేసేది, లాయర్ అవసరాన్ని తేల్చేది నాలుగోది.

ముందు ఖర్చు సంగతి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం సిటిజన్ తన భార్య లేదా భర్త కోసం వేసే ఐ-130 పిటిషన్ కాగితం మీద వేస్తే 675 డాలర్లు, ఆన్‌లైన్లో 625. అమెరికాలోనే ఉండి వేసే గ్రీన్‌కార్డ్ దరఖాస్తు ఐ-485కి 1,440. ఇంతకుముందు దీంతోపాటే ఉచితంగా వచ్చే వర్క్ పర్మిట్‌కి ఇప్పుడు విడిగా 260, ట్రావెల్ పర్మిట్ అయిన అడ్వాన్స్ పెరోల్‌కి 630 కట్టాలి. అన్నీ వేస్తే సర్కారుకే మూడు వేల డాలర్లు, మెడికల్ పరీక్ష చేసే డాక్టర్ ఫీజు దీనికి అదనం. ఆ పైన లాయర్ ఫీజు ఊరిని బట్టి, కేసుని బట్టి మామూలుగా రెండు వేల నుంచి అయిదారు వేల దాకా ఉంటుంది. పెళ్లి ఖర్చు అయ్యీ అవ్వగానే వచ్చిపడే బిల్లు కాబట్టి ఆలోచించాల్సిన మొత్తమే.

ఆ డబ్బుకి ఏం వస్తుంది? మామూలు కేసులో అయితే, నిజం చెప్పాలంటే, చాలా ఆఫీసుల్లో ఫారాలు నింపేది పారాలీగల్ (లాయర్ సహాయకులు), అడిగిన వివరాలన్నీ వెతికి ఇచ్చేది మీరు, లాయర్ చివర్లో చూసి సంతకం పెడతారు. ఆ చూడటానికీ విలువ ఉంది. ఫీజు తప్పు రాస్తే ప్యాకెట్ మొత్తం వెనక్కి వచ్చేస్తుంది, 2024 డిసెంబరు నుంచి మెడికల్ రిపోర్ట్ ఐ-485తో పాటే పెట్టకపోయినా అదే గతి పట్టొచ్చు. కానీ ఇవన్నీ మళ్లీ పంపితే సరిపోయే తప్పులు. ఏదైనా కాగితం తగ్గితే ఈ దరఖాస్తులు చూసే సర్కారు సంస్థ యూఎస్‌సీఐఎస్ మామూలుగా ఉత్తరం రాసి అడుగుతుంది, జవాబివ్వడానికి గడువు ఇస్తుంది. రెండు మూడు సాయంత్రాలు కూర్చుని ఇన్‌స్ట్రక్షన్లు ఓపిగ్గా చదివే మనిషి, ఇంకమ్ ట్యాక్స్ తానే ఫైల్ చేసుకునే మనిషి, ఈ పని చేసుకోగలరు.

పెళ్లి నిజమైనదని చూపించడంలో కూడా లాయర్ చేసేది తక్కువే. ఇద్దరి పేర్ల మీద లీజు, జాయింట్ అకౌంట్, హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఒకరినొకరు చేర్చుకోవడం, కలిపి వేసిన ట్యాక్స్ రిటర్న్, ఫోటోలు: ఇవి ఉంటే లాయర్ లేకపోయినా ఉంటాయి, లేకపోతే లాయర్ సృష్టించలేడు. పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో ఒక చిక్కు ఉంది. పెళ్లిచూపులైన మూడు నెలలకే పెళ్లి, ఈ మధ్యలో కలుసుకున్నది రెండుసార్లు అంటే, ముంబై కాన్సులేట్‌లో కూర్చునే అధికారికి అది రోజూ చూసే సంగతే గానీ, ఒహాయోలోనో టెక్సస్‌లోనో ఉన్న అధికారికి వింతగా ఉండొచ్చు. దీనికి మందు, ఇద్దరూ తలో పేజీ మామూలు మాటల్లో రాసిన స్టేట్‌మెంట్: సంబంధం ఎవరి ద్వారా వచ్చింది, ఎవరు ఎవరింటికి వెళ్లారు, నిశ్చితార్థం ఎప్పుడు, ఫోన్లో ఎన్నాళ్లు మాట్లాడుకున్నారు అని. శుభలేఖ, పెళ్లి మండపం రసీదులు, రెండు కుటుంబాలూ కనిపించే ఫోటోలు జతచేస్తే చాలు. మూడొందల ఫోటోల ఆల్బమ్ మొత్తం పంపేవాళ్లు ఉన్నారు, అది ఎవరూ చూడరు.

మన పక్క కాగితాల్లో వచ్చే ఇబ్బందులకి అమెరికా లాయర్ కంటే ఊళ్లో తిరిగిపెట్టే మనిషి ఎక్కువ పనికొస్తాడు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో ఒక్క ఇనీషియలే ఉంటుంది, మేరేజ్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. బర్త్ సర్టిఫికెట్ అసలు ఉండదు, లేదా పేరు రాయకుండా ‘ఆడ శిశువు’ అని ఉంటుంది. పుట్టిన చోట మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి రికార్డు లేదని సర్టిఫికెట్ తెచ్చుకుని, దానికి టెన్త్ మెమో, పుట్టుక గురించి సొంతంగా తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లు జోడించడం ఏళ్లుగా నడుస్తున్న పద్ధతే. తెలుగులో ఉన్న కాగితానికి ఇంగ్లిష్ అనువాదం, అనువదించిన మనిషి రెండు భాషలూ వచ్చని రాసి సంతకం పెట్టిన ధ్రువీకరణ ఉంటే సరిపోతుంది, నోటరీ కూడా అడగరు.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. వీసా పని తొందరగా మొదలవ్వాలని ముహూర్తానికి నెలల ముందే సబ్-రిజిస్ట్రార్ దగ్గర పెళ్లి రిజిస్టర్ చేయించడం మనవాళ్లలో బాగా ఉంది. అప్పుడు రెండు తేదీలు పుడతాయి. ఫారంలో ఒకటి, ఇంటర్వ్యూలో నోటికొచ్చింది ఇంకొకటి అయితే అనుమానం మొదలయ్యేది అక్కడే. ఆ మధ్యలో ఎవరైనా ఎఫ్-1 వీసా ఫారంలో ‘సింగిల్’ అని రాసి ఉంటే అది తేదీల గొడవ దాటి వేరే సమస్య అవుతుంది. రెండోది, మొదటి పెళ్లి పెద్దమనుషుల్లో తెగిపోయిన కేసులు. స్టాంపు పేపరు మీద ఇద్దరి సంతకాలు పెట్టించి విడిపోయామనుకుంటారు, ఊరు కూడా ఒప్పుకుంటుంది. కులాచారం ప్రకారం విడాకులకి హిందూ వివాహ చట్టంలో చోటు ఉన్నా, ఆ ఆచారం నిజంగా ఉందని రుజువు చేయాల్సిన భారం దరఖాస్తు చేసేవాళ్ల మీదే పడుతుంది. కోర్టు డిక్రీ లేకుండా రెండో పెళ్లి మీద పిటిషన్ వేయాలనుకుంటే ముందు లాయర్‌తో మాట్లాడాలి, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఐ-485లో పేజీల కొద్దీ అవును-కాదు ప్రశ్నలు ఉంటాయి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఎప్పుడైనా స్టేటస్ పోయిందా, ఎప్పుడైనా అనుమతి లేకుండా పనిచేశారా, ఎప్పుడైనా ప్రభుత్వానికి తప్పుడు సమాచారం ఇచ్చారా. సొంతంగా నింపేవాళ్లు అన్నిటికీ ‘కాదు’ అని టకటకా టిక్కులు పెట్టుకుంటూ పోయే చోటు ఇదే. చివర్లో పెట్టే సంతకం, ఇదంతా నిజమని ప్రమాణం చేసినట్టు.

ఇక్కడ చట్టం ఒక విచిత్రమైన తేడా చూపిస్తుంది. సిటిజన్‌ని పెళ్లి చేసుకున్న మనిషి దేశంలోకి సక్రమంగా, అధికారి ముందు నిలబడి వచ్చి ఉంటే, ఆ తర్వాత వీసా గడువు దాటి ఉన్నా, అనుమతి లేకుండా పనిచేసినా, ఆ కారణంగా ఐ-485 ఆగదు. చట్టం వాళ్లకి ఆ మినహాయింపు ఇచ్చింది. అదే మనిషి ఎప్పుడో అబద్ధం చెప్పి వీసా తెచ్చుకుని ఉంటే మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. కన్సల్టెన్సీ వాళ్లు పెట్టించిన ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ లెటర్‌తో దాఖలైన పిటిషన్, లోన్ ఏజెంట్ సృష్టించిన బ్యాంక్ బ్యాలెన్స్‌తో తెచ్చుకున్న స్టూడెంట్ వీసా, ఇవన్నీ ‘తప్పుడు సమాచారం’ కిందికి రావచ్చు. దానికి జీవితకాలపు నిషేధం ఉంది. దాన్నుంచి బయటపడాలంటే సిటిజన్ అయిన భార్యకో భర్తకో తీవ్రమైన కష్టం కలుగుతుందని రుజువు చేసి వేరే వేవర్ (మాఫీ) తెచ్చుకోవాలి. ఓవర్‌స్టే గురించి రాత్రిళ్లు నిద్రపట్టని మనిషి, ఫేక్ లెటర్ సంగతి మర్చిపోయి ఉండొచ్చు. అమీర్‌పేటలో అందరూ చేసిందే కదా అనే మాట ఆ అధికారి ముందు పనిచేయదు.

ఇంకా ఘోరమైనది, సిటిజన్ కాకపోయినా సిటిజన్ అని చెప్పుకోవడం. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9లో తప్పు గడిలో టిక్కు పెట్టడం, డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర ఓటరు నమోదు కాగితం మీద చూడకుండా సంతకం చేయడం, ఇలా మొదలవుతుంది. గ్రీన్‌కార్డ్ కేసులో దీనికి వేవర్ అన్నదే లేదు. ఇలాంటిది ఒక్కటి ఉన్నా ఫారం పంపకముందే లాయర్ దగ్గరికి వెళ్లాలి.

షాప్‌లిఫ్టింగ్ కేసులు ఈ మధ్య మన విద్యార్థుల పేర్లతో వార్తల్లోకి ఎక్కుతున్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. దొంగతనం ఇమిగ్రేషన్ చట్టంలో నైతిక పతనానికి సంబంధించిన నేరం కిందికి వస్తుంది. అలాంటిది జీవితంలో ఒక్కటే అయి, ఆ నేరానికి గరిష్ఠ శిక్ష ఏడాది దాటకుండా, పడిన శిక్ష ఆరు నెలలు దాటకుండా ఉంటే చిన్న నేరాల మినహాయింపు ఉంది. కానీ లోకల్ కోర్టులో క్రిమినల్ లాయర్ ‘కేసు కొట్టేశారు, రికార్డు సీల్ అయిపోయింది’ అని చెప్పినదానికీ ఇమిగ్రేషన్ లెక్కకీ పొంతన ఉండదు. నేరం ఒప్పుకున్నాక కోర్టు ఏదో ఒక షరతో జరిమానానో పెట్టి, తర్వాత కేసు తీసేసినా, ఇమిగ్రేషన్ దృష్టిలో అది శిక్ష పడినట్టే. సీల్ అయిన కేసునీ ఫారంలో చెప్పాల్సిందే. ఆ కోర్టు కాగితాలు చదివి ఇది ఏ కోవలోకి వస్తుందో చెప్పడం స్నేహితుల వల్ల అయ్యే పని కాదు. గంజాయి కూడా ఇంతే. రాష్ట్రంలో లీగల్ అయినా ఫెడరల్ చట్టంలో కాదు, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద.

లాయర్ కావాల్సిన కేసుల జాబితాలోకి కొన్ని యూనివర్సిటీల పేర్లు కూడా వస్తాయి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ మూతపడినప్పుడు, 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు సర్కారు ఏజెంట్లే నడిపిన ఉచ్చు అని బయటపడ్డప్పుడు, ఇరుక్కున్నవాళ్లలో తెలుగు విద్యార్థులు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ రోజుల ఫైల్ ఉన్నవాళ్లు, ఇమిగ్రేషన్ కోర్టు మెట్లెక్కినవాళ్లు, ఇదివరకు వేరే పెళ్లి మీద పిటిషన్ వేయించుకున్నవాళ్లు సొంతంగా ప్రయత్నించకూడదు. పాత పెళ్లి దొంగ పెళ్లి అని ఒకసారి ఫైల్లో పడితే, ఇప్పటి పెళ్లి ఎంత నిజమైనదైనా కొత్త పిటిషన్ ఆమోదించకుండా చట్టమే అడ్డుకుంటుంది.

డాక్టర్ల విషయం వేరు. జే-1 (ఎక్స్‌చేంజ్ విజిటర్ వీసా) మీద రెసిడెన్సీ చేసినవాళ్లకి రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే షరతు ఉంటుంది, సిటిజన్‌ని పెళ్లి చేసుకున్నంత మాత్రాన అది పోదు. డాక్టర్లు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి వేవర్ తెచ్చుకోవడం వాళ్లందరికీ తెలిసిందే. దాన్ని పెళ్లి కేసుతో ఎలా ముడిపెట్టాలన్నది లాయర్ పనే.

సిటిజన్ బదులు గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లని పెళ్లి చేసుకుంటే వీసా గడువు దాటడం, అనుమతి లేని పని విషయంలో పైన చెప్పిన మినహాయింపు దాదాపుగా ఉండదు. ఎఫ్2ఏ అనే కేటగిరీలో, సర్కారు నెలనెలా వేసే వీసా బులెటిన్‌లో తేదీ వచ్చేదాకా ఆగాలి, ఆగినంతకాలం తన స్టేటస్ తాను నిలబెట్టుకోవాలి. లేఆఫ్‌లో హెచ్-1బీ పోయినవాళ్లకి ఇది గట్టి దెబ్బ. తొందరపడి దేశం దాటితే, అక్రమంగా ఉన్న రోజులు 180 దాటితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వని నిబంధన పడొచ్చు. భార్యో భర్తో సిటిజన్ అయ్యేదాకా ఆగాలా, వెళ్లిపోయి కాన్సులేట్ ద్వారా రావాలా అన్నది లెక్కలు వేసి తేల్చాల్సిన విషయం, ఒక గంట కన్సల్టేషన్‌కి పెట్టే డబ్బుకి న్యాయం జరిగే చోటు.

అమ్మాయి లేదా అబ్బాయి ఇంకా ఇండియాలోనే ఉంటే పరిస్థితి తేలిక. ఐ-130 ఆమోదం పొందాక నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది, అక్కడ 325, 120 డాలర్ల ఫీజులు, వీసా వచ్చాక ఇంకో 235. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో ఉండదు, ముంబై వెళ్లాలి. లాయర్ని పెట్టుకుంటే తొందరగా అవుతుందని చాలామంది అనుకుంటారు, క్యూ ఎవరికైనా ఒకటే. ఇంటర్వ్యూలో లాయర్ పక్కన కూర్చునే పద్ధతి కూడా మామూలుగా ఉండదు.

ఈ లెక్కలన్నిటినీ 2025 కొంచెం మార్చింది. దరఖాస్తు తిరస్కరించినప్పుడు ఆ మనిషికి వేరే స్టేటస్ ఏదీ లేకపోతే, నేరుగా ఇమిగ్రేషన్ కోర్టుకి పంపే నోటీసు ఇవ్వాలని ఆ ఏడాది ఫిబ్రవరి చివర్లో యూఎస్‌సీఐఎస్ ఆదేశం తెచ్చింది. నవంబరులో శాన్ డియేగోలో గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూకి వెళ్లిన సిటిజన్ల భార్యాభర్తల్ని, వీసా గడువు దాటిందన్న కారణంతో అక్కడే అరెస్టు చేశారని వార్తలొచ్చాయి. ఓవర్‌స్టే చట్టంలో మాఫీ అయినా, కార్డు వచ్చేదాకా ఆ మనిషి అక్రమంగా ఉన్నట్టే లెక్క అన్నది సర్కారు వాదన. అందుకే హెచ్-1బీ నడుస్తూ ఉన్న మనిషికి తిరస్కరణ అంటే డబ్బు నష్టం, తలనొప్పి. ఓవర్‌స్టేలో ఉన్న మనిషికి ఇప్పుడది చాలా పెద్ద విషయం. మొదటివాళ్లకి లాయర్ సౌకర్యం, రెండోవాళ్లకి అవసరం అని ఇప్పుడు గట్టిగానే చెప్పొచ్చు.

ఏ గొడవా లేదనుకునేవాళ్లు కూడా ఫుల్ ఫీజు, సొంత ప్రయత్నం మధ్యలో ఉన్న దారిని మర్చిపోతుంటారు. ఫారాలు తామే నింపుకుని, పంపే ముందు ఒకసారి లాయర్‌కి డబ్బిచ్చి చూపించుకోవడం. చాలామంది లాయర్లు దీనికి ఒప్పుకుంటారు. వెళ్లేముందు ఐ-94 రికార్డులు (దేశంలోకి వచ్చినట్టు నమోదు), పాత ఐ-20లు (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ పత్రాలు), ఐ-797లు (యూఎస్‌సీఐఎస్ నోటీసులు), కోర్టు కాగితాలు ఉంటే అవీ వరసగా పెట్టుకుని వెళ్తే గంటలో పని తేలుతుంది. పాత పిటిషన్లలో ఎవరు ఏం రాశారో గుర్తులేనివాళ్లు ముందే ఎఫ్‌ఓఐఏ (అమెరికా సమాచార హక్కు చట్టం) కింద తమ ఫైల్ కాపీ తెప్పించుకోవడం మంచిది. మీ హెచ్-1బీ వేసిన కంపెనీ లాయర్ని ఇది అడగొద్దు, వాళ్ల క్లయింట్లలో మీ కంపెనీ కూడా ఉంది.

ఎవరు లాయరో చూసుకోవడం కూడా పనే. ఇమిగ్రేషన్ ఫెడరల్ చట్టం కాబట్టి ఏ రాష్ట్రం లైసెన్స్ ఉన్నా చాలు, ఆ రాష్ట్రం బార్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. లాయర్లు కాకుండా, న్యాయశాఖ గుర్తింపు పొంది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే ప్రతినిధులు కూడా ఈ సలహా ఇవ్వొచ్చు, వాళ్ల ఫీజు తక్కువ. ‘కన్సల్టెంట్’, ‘డాక్యుమెంట్ ప్రిపేరర్’ అని బోర్డు పెట్టుకున్నవాళ్లకి టైపు చేయడానికే గానీ ఏ ప్రశ్నకి ఏం జవాబు రాయాలో చెప్పడానికి హక్కు లేదు. లాయర్ కేసు తీసుకుంటే, తాను మీ తరఫున ఉన్నానని తెలిపే జీ-28 అనే ఫారం వేయాలి. అది వేయను, నా పేరు ఎక్కడా రానీయొద్దు, కార్డు గ్యారెంటీ అనే మనిషి దగ్గర్నుంచి లేచి వచ్చేయడమే.

ఎవరూ పెద్దగా మాట్లాడుకోని విషయం ఒకటుంది. పెళ్లి కేసులో మామూలుగా ఒకే లాయర్ భార్యాభర్తలిద్దరి తరఫునా ఉంటారు. స్పాన్సర్ సంతకం చేసే ఐ-864, కార్డు తీసుకునే మనిషి పోషణ భారం మోస్తానని సర్కారుతో చేసుకునే ఒప్పందం; ఆదాయం పేదరిక రేఖకి 125 శాతం ఉండాలి, 2025 లెక్కలో ఇద్దరి కుటుంబానికి 26,437 డాలర్లు. విడాకులైనా ఆ బాధ్యత పోదు. ఆదాయం చాలక జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టే మామయ్యకో ఫ్రెండ్‌కో కూడా ఇదే వర్తిస్తుంది, సంతకం పెట్టేముందు వాళ్లకి ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. అంటే ఇద్దరి లాభనష్టాలూ ఎప్పుడూ ఒకటే కావు.

కాపురం సరిగ్గా లేనప్పుడు ఈ తేడా బయటపడుతుంది. కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, వచ్చేది రెండేళ్ల షరతు కార్డు. గడువు ముగియడానికి ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 (షరతు తీసేయమనే దరఖాస్తు) వేయాలి, ఫీజు 750. ఆలోపే విడిపోతే, పెళ్లి నిజాయితీగానే చేసుకున్నామని చూపించి ఒక్కరే వేవర్‌తో వేసుకోవచ్చు, దానికి ఆ 90 రోజుల వ్యవధి వచ్చేదాకా ఆగక్కర్లేదు. కొట్టినా, తీవ్రంగా వేధించినా, అవతలివాళ్లు అసలు మొదటి పిటిషన్ వేయకపోయినా సరే, వావా (గృహహింస బాధితులకి రక్షణ ఇచ్చే) చట్టం కింద బాధితులు తామే ఐ-360 పిటిషన్ వేసుకోవచ్చు. ఫీజు లేదు, ఆ సంగతి అవతలివాళ్లకి చెప్పరు, మగవాళ్లకి కూడా వర్తిస్తుంది, విడాకులైన రెండేళ్లలోపు కూడా వేయొచ్చు. ‘నా సంతకం లేకపోతే నీకు కార్డు రాదు, ఇండియా పంపించేస్తా’ అనే మాట వింటూ బతుకుతున్నవాళ్లకి ఈ దారి ఉందని ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు. ఈ స్థితిలో వెళ్లాల్సింది మొదట కేసు వేసిన లాయర్ దగ్గరికి కాదు, ఆయన క్లయింట్ అవతలి మనిషి కూడా. తన ఒక్కరి తరఫునే నిలబడే కొత్త లాయర్ కావాలి. డబ్బు లేకపోతే గృహహింస బాధితులకి ఉచితంగా కేసులు చూసే స్వచ్ఛంద సంస్థలు దాదాపు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నాయి, ఫోన్ చేసేది మాత్రం అవతలివాళ్లు బిల్లు చూడగలిగే ఫ్యామిలీ ప్లాన్ నంబర్ నుంచి కాకుండా చూసుకోవాలి.